నీ పేరు చెప్పుకుని ఒక గ్లాసు

నందిపాలెం మున్సిపాలిటీ హద్దుల్లో ఒకరు తాగిన మంచినీళ్లు ఇంకొకరి ఒంట్లోకి చేరడం మొదలయ్యాక కూడా కుళాయి వచ్చే వేళలు మారలేదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, అదీ మోటారు బుద్ధిగా ఉన్న రోజున. జనం ఎప్పట్లాగే బిందెలతో వరసలో నిలబడ్డారు, ఎప్పట్లాగే నా బిందె ముందంటే నా బిందె ముందని పోట్లాడుకున్నారు, పట్టుకున్న నీళ్లు ఇంటికి మోసుకుపోయి ఎవరికోసం తాగాలో వాళ్లకోసం తాగారు.

మొదటి వారం కొంచెం గందరగోళం నడిచిన మాట నిజమే. ఆ తర్వాత కమిషనరు గారు నోటీసు బోర్డు మీద నిబంధనలు అంటించారు. ఊరి హద్దు లోపల తాగిన నీళ్లే చేరతాయి, కాలవ లాకులు దాటి తాగితే ఆ నీళ్లు లాకుల దగ్గరే ఆగిపోతాయి. మజ్జిగ చేరుతుంది. కొబ్బరినీళ్లు చేరతాయి గానీ రుచీ వాసనా చేరవు. టీ మాత్రం ఎవరిది వాళ్లే తాగాలి. ఇద్దరు జంట కట్టుకున్నాక మూడోమనిషి తాగిన నీళ్లు దారిలోనే ఆవిరైపోతాయి. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. దాహం తీరేది ఒకరికి, ఆ తర్వాత లేచి దొడ్లోకి వెళ్లాల్సింది మాత్రం తాగినవాళ్లు.

ఇదంతా ఒక యాప్ వల్ల వచ్చింది. దాని పేరు గుక్క. తయారుచేసింది ప్రవల్లిక అనే అమ్మాయి. ఇంజినీరింగు చదివి, మేడమీద గదిలో కూచునే ఏదో దూరాభారపు కంపెనీకి పనిచేస్తుండేది. తలనొప్పి వస్తే డాక్టరు ‘నీళ్లు తాగుతున్నావా’ అని అడగడం, ఆ అమ్మాయి తెల్లమొహం వెయ్యడం జరిగాక, తన స్నేహితులు కూడా తనలాంటివాళ్లేనని తెలిసి సరదాగా తయారుచేసింది. అందులో మూడే బటన్లు. ‘తాగాను’ అని ఒకటి. ‘తాగావా?’ అని ఒకటి, అది నొక్కితే అవతలివాళ్ల ఫోను కుండలో నీళ్లు ముంచిన చప్పుడు చేస్తుంది. మూడోది ‘నీ కోసం తాగాను’.

ఆ మూడోది ఊరి అలవాటు చూసి పెట్టింది. నందిపాలెంలో పెళ్లికి వెళ్లలేనివాళ్లు వెళ్లేవాళ్లతో ‘నా పేరు చెప్పుకుని ఇంకో కాజా తినవే’ అంటారు. వెళ్లొచ్చినవాళ్లు ‘నీ పేరు చెప్పుకుని తిన్నాన్లే’ అంటారు. దాంతో ఇద్దరికీ తృప్తి. అదే మాట ప్రవల్లిక యాప్‌లో పెట్టింది. ఇంకో ఊళ్లో అయితే జనం నవ్వి ఊరుకునేవారు. నందిపాలెం జనం నిజమనుకున్నారు. అంతమంది నిజమనుకున్నాక నీళ్లు మాత్రం ఏం చేస్తాయి పాపం, వెళ్లాయి.

ప్రవల్లిక వాళ్ల కింద వాటాలో తాతబ్బాయి అనే దర్జీ ఉండేవాడు. పేరులో తాతా ఉన్నాడు, అబ్బాయీ ఉన్నాడు గానీ మనిషి యాభై దాటి ఆ ఇద్దరికీ మధ్యన ఎక్కడో కుట్టుమిషను ముందు కూచుని ఉండేవాడు. ఆ పేటలో ఆడవాళ్ల జాకెట్లన్నీ అతనే కుట్టేవాడు. ఏ జాకెట్టూ చెప్పిన రోజుకి ఇచ్చి ఎరగడు. అతని భార్య మరిడేశ్వరి మెయిన్ రోడ్డులో మూడంతస్తుల బట్టల కొట్లో పట్టుచీరలు చూపించేది. కొట్టు తెరిచింది మొదలు కట్టేసేదాకా నిలబడే ఉండాలి. అమ్మేవాళ్లు కూచుంటే కొనేవాళ్లకి నమ్మకం కుదరదని షావుకారు సూర్యప్రకాశం గారి అభిప్రాయం.

ఆడవాళ్ల కోసం కొట్టు మేడమీద ఒక గది ఉండేది. దాని తాళంచెవి కింద గల్లాపెట్టె దగ్గర, షావుకారు గారి తల పక్కన మేకుకి వేలాడేది. అది కావాలంటే పెళ్లిబట్టలకి వచ్చినవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లి అడగాలి. ఆయన చాలా మంచి మనిషి. ఎవరినీ ఎప్పుడూ కాదనలేదు. ‘మళ్లీనా అమ్మా?’ అనేవారు, అంతే. ఆ ఒక్క మాటకి జడిసి ఆ కొట్లో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానుకున్నారు.

మరిడేశ్వరి ఎన్నో ఏళ్లు అలాగే నెగ్గుకొచ్చింది. చివరికి నడుం పక్కన నొప్పి మొదలైంది. డాక్టరు విమలాదేవి గారు స్కానింగు తీయించి, మూత్రపిండంలో రాయి ఉందన్నారు. “ఈ వేసవి కూడా ఇలాగే ఎండబెట్టావంటే ఆ కిడ్నీ ఇంక నా చేతిలో ఉండదమ్మాయ్” అని, కళ్లజోడు తీసి మరీ చెప్పారు.

ఇంటికొచ్చాక తాతబ్బాయి మిషను ఆపి కూచున్నాడు.

“నేను తాగుతాలేవే నీకోసం.”

“నువ్వు తాగితే నాకేం ఒరుగుతుందయ్యా, ఉన్న జాకెట్లు ఇంకా ఆలస్యం అవడం తప్ప?”

“ఊరంతా తాగుతున్నారు కదే. పైన అమ్మాయి చేసిందే కదా. మన ఇంటిమీద ఉండి, ఊరందరికీ పనిచేసి మనకి పనిచెయ్యకుండా పోతుందా?”

మర్నాడు మరిడేశ్వరి ఒక పెళ్లికూతురి ముందు ఉప్పాడ చీర విప్పుతుండగా గొంతులోకి చల్లగా దిగింది. మంచినీళ్లే. ఇంట్లో కుండలో వేసిన వట్టివేరు వాసన కూడా వచ్చింది. నిబంధనల ప్రకారం వాసన చేరకూడదు. అందుకని ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అలా వారాలు గడిచాయి. తాతబ్బాయి చెంబు పక్కన పెట్టుకుని ఒక గుక్క ఆవిడ పేరు చెప్పుకుని, ఒక గుక్క తన పేరు చెప్పుకుని తాగేవాడు. మొదట్లో ఫోను నొక్కేవాడు. జంట కుదిరాక పేరు తలుచుకుంటే చాలని తెలిసి అదీ మానేశాడు. ఒక పొద్దున అతనికి నడుంలో కత్తి దింపినట్టు నొప్పి పుట్టింది. గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని, ఆఖరికి మిషను కూడా పట్టుకుని మెలికలు తిరిగాడు. మధ్యాహ్నానికి జనపగింజంత రాయి పడిపోయింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, స్కానింగు పక్కన పెట్టి చూసి, “ఇది మీది కాదు” అన్నారు.

“తెలుసండి. మా ఆవిడది.”

“కొట్టుకుపోవాల్సింది ఆవిడ దారినే. కానీ లేచి వెళ్లేది మీరు కదా. అందుకని ఇటొచ్చింది” అని ఆవిడ చీటీ మీద ‘రాయి భార్యది, బాధ భర్తది, ఇద్దరూ క్షేమం’ అని రాసిచ్చారు. ఇలాంటివి అప్పటికే ఆసుపత్రికి కొత్త కాదు.

సాయంత్రం మరిడేశ్వరి ఆ రాయిని అరచేతిలో వేసుకుని చూసింది.

“నాకేం తెలియలేదయ్యా. చురుక్కుమని కూడా అనలేదు.”

“నాకంది కదా. ఇద్దరికెందుకు?”

“అయ్యో, పిచ్చి మారాజా” అని ఆవిడ అతని నుదురు పైటచెంగుతో తుడిచింది. తుడవడానికి అప్పటికి చెమటేం లేదు.

ఈ కబురు కొట్టుకి చేరింది. సూర్యప్రకాశం గారు నిజంగానే సంతోషించారు. తన దగ్గర పనిచేసే ఆడపడుచుల ఆరోగ్యం ఇంత తేలిగ్గా బాగుపడుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వెంటనే ఒక సర్క్యులర్ వేయించారు. ప్రతి ఉద్యోగినీ ఇంట్లో ఒకరితో జంట కట్టుకోవాలి. కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా ఆ ఇంటిమనిషి ఏం తాగినా అది ఉద్యోగినికే చేరాలి, పక్కదారి పట్టకూడదు. ఈ ఏర్పాటు యాప్‌లోనే ఖాయం చెయ్యమని మున్సిపాలిటీ వారిని కోరారు. వారు ప్రవల్లికని పిలిపించారు.

“సార్, ఇది సరదాకి చేసింది” అంది ప్రవల్లిక.

“ఆఫీసులో చాలా పనులు అలా మొదలైనవేనమ్మా” అన్నారు కమిషనరు గారు.

డ్యూటీ వేళల్లో మార్పులు కుదరకుండా ప్రవల్లిక ఏర్పాటు చేసింది. చెయ్యకపోతే యాప్ తీసేస్తామన్నారు, తీసేస్తే ఎంతమంది గొంతులు ఎండుతాయో ఆ అమ్మాయికి తెలుసు. హాస్టల్లో ఉండే ఇద్దరమ్మాయిలకి జంట కుదరలేదు. షావుకారు గారు వాళ్లకి చెరో చీర పెట్టి, బొట్టు పెట్టించి, మర్యాదగా పంపించారు. మేడమీద గదితో ఇక పని లేదు కనక అందులో అరలు కొట్టించి ధర్మవరం చీరలు సర్దించారు. మేకు మీద తాళంచెవి ఉండే చోట దేవుడి పటం పెట్టారు.

కొత్త ఏర్పాటులో మరిడేశ్వరి మొహం తేటపడింది. పెదాల మీద పగుళ్లు పోయాయి. కొనేవాళ్లు చీర కంటే ముందు ఆవిడ మొహం చూసి మెచ్చుకున్నారు. తాతబ్బాయి సంగతి వేరు. పొద్దున కొట్టు తెరిచాక అతను ఎన్ని చెంబులు తాగినా ఒక్క చుక్క అతనిది కాదు. కడుపు నిండేది, లేచి వెళ్లేవాడు, వచ్చి కూచునేవాడు, నాలిక మాత్రం అట్టలా ఉండేది. దారం కొస పెదాల మధ్య పెట్టి తడిచేస్తే గానీ సూదిలో ఎక్కదు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ మాత్రం తడి కూడా నోట్లో ఉండేది కాదు. అందుకని పొద్దున్నే, మరిడేశ్వరి చెప్పులు వేసుకోకముందే, హెమ్మింగు సూదులన్నిటికీ దారాలు ఎక్కించి గోడ మీద క్యాలెండరుకి గుచ్చి పెట్టుకునేవాడు.

“ఇదేం చోద్యమయ్యా? పంతులుగారి దగ్గరికెళ్లి ముహూర్తం పెట్టించావా సూదులకి?” అందావిడ ఒకరోజు.

“మధ్యాహ్నం కళ్లు ఆనట్లేదే.”

“అయితే కళ్లజోడు వేయించుకో. వయసుని దాచుకుంటే దాగుతుందేంటి” అని నవ్వేసి, పొద్దునా సాయంత్రం అతనికోసం తను కూడా ఒకో చెంబు తాగడం మొదలెట్టింది. అది సరిపోతోందనుకుంది. అతను సరిపోతోందని చెప్పాడు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి ప్రవల్లిక జాకెట్టు చేతులు వదులు చేయించుకుందామని కిందికి దిగింది. తాతబ్బాయి మిషను మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు.

“బాబాయ్! బాబాయ్, ఇటు చూడు!”

కుండలో నీళ్లు ముంచి నోట్లో పోసింది. అతను మింగాడు. ఇంకో గ్లాసు పోసింది, అదీ మింగాడు. మొహంలో మార్పు లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ అమ్మాయికి, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో. ఫోను తీసి జంట విడగొట్టబోయింది. ‘డ్యూటీ వేళల్లో మార్పులు కుదరవు. అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని వచ్చింది. ఆ చింతించే మాట తనే రాసింది. తలమీద తడిగుడ్డ వేసి, కొట్టుకి ఫోను చేసింది. డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వేస్తారు. సొరుగులో ఫోను మోగింది. దిక్కుతోచక, ఆటో పిలిచేలోపు ఇంకో గ్లాసు పోసింది.

కొట్లో మరిడేశ్వరి ఒక పెళ్లివారికి చీరలు పరుస్తోంది. నీళ్లు వచ్చాయి. ఈయనకేంటి ఇవాళ ఇంత ప్రేమ పొంగింది అనుకుని లోపల్లోపల నవ్వుకుంది. మళ్లీ వచ్చాయి. ఆగకుండా మళ్లీ వచ్చాయి. తాతబ్బాయి నీళ్లు తాగే తీరు ఆవిడకి తెలుసు. ఒక గుక్క తాగుతాడు, ఆగి ఏదో కూనిరాగం తీస్తాడు, ఇంకో గుక్క తాగుతాడు. ఇవి అలా లేవు. ఇవి తాగుతున్న నీళ్లు కావు, పోస్తున్న నీళ్లు.

చేతిలో చీర అక్కడే వదిలేసి, కొనేవాళ్లకోసం పెట్టిన చల్లనీళ్ల డబ్బా దగ్గరికి నడిచింది. గ్లాసు నింపి, ఎత్తి గొంతులో పోసుకుంది. “తాతబ్బాయి పేరు చెప్పుకుని” అంది పైకే. ఇంకో గ్లాసు నింపింది.

పెళ్లికూతురి మేనత్త వెనకాలే వచ్చింది. “ఏంటమ్మా, చీర మధ్యలో పెట్టేసి ఈ తాగుడేంటి?”

“మా ఆయనకి బాగోలేదండి.”

మేనత్త గ్లాసు ఆవిడ చేతిలోంచి తీసుకుని, తనే కుళాయి తిప్పి నింపి అందించడం మొదలుపెట్టింది.

ఇంటి దగ్గర తాతబ్బాయి కళ్లు విప్పాడు. కాసేపు కప్పుకేసి చూశాడు. తర్వాత ప్రవల్లికతో నెమ్మదిగా, “అమ్మాయ్, ఆ డబ్బానీళ్లు తాగొద్దని మీ పిన్నికి చెప్పవే. చల్లటివి దాని గొంతుకి పడవు” అన్నాడు.

కొట్లో తాగిన నీళ్లన్నిటికీ మరిడేశ్వరికి పొత్తికడుపు బిగిసింది. కిందికి దిగి గల్లాపెట్టె ముందు నిలబడింది.

“బాబుగారూ, తాళంచెవి ఇప్పించండి.”

సూర్యప్రకాశం గారు ఇబ్బందిగా చూశారు. “అది ఇప్పుడు గది కాదమ్మా. ధర్మవరం సెక్షను.”

“అయితే చీరలు తీయించండి.”

ఆ మాట మరీ గట్టిగా ఏం అనలేదు. అయినా కొట్లో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడింది. బేరాలు ఆగిపోయాయి. వాళ్లు కూడా ఇంటి దగ్గర నీళ్లు తాగకుండా బయల్దేరినవాళ్లే. బజారుకి వెళ్లే రోజున ఆడవాళ్లు చీర మార్చుకున్నట్టే అది కూడా తయారవడంలో ఒక భాగం. అందరూ షావుకారు గారి మొహంలోకి చూశారు. ఆయన దేవుడి పటంలోకి చూశారు. మరిడేశ్వరి జోళ్లు వేసుకుని ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చేసింది.

వచ్చి, ముందు దొడ్లోకి వెళ్లి, ఆ తర్వాత అతని మంచం పట్టె మీద కూచుంది.

“ఎందుకు చెప్పలేదయ్యా?”

“చెబితే పని మానేస్తావని.”

“మానితే ఏం?”

“ఏం లేదు. ఇంట్లో ఉంటావు. పగలంతా నిన్ను చూస్తూ కూచుంటే జాకెట్లు అసలే అవ్వవు.”

“చాల్లే సరసం. నోరెండి చచ్చేవాడివి, తెలుసా?”

“నీకు చల్లగా ఉండేది కదే” అన్నాడు తాతబ్బాయి. ఆవిడ అటు తిరిగి చాలాసేపు కుండ మీద మూత సర్దింది.

మరిడేశ్వరి పని మానలేదు. గది తెరిపించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. సమావేశం జరిగింది. కమిషనరు గారు, షావుకారు గారు, డాక్టరమ్మ, ప్రవల్లిక కూచున్నారు. మరిడేశ్వరిని కూచోమన్నారు గానీ అలవాటు లేక ఆవిడ నిలబడే ఉంది.

“ఆ తలుపు తీస్తే సరిపోతుంది కదండీ” అన్నారు డాక్టరమ్మ. “ఎవరి నీళ్లు వాళ్లే తాగుతారు.”

ఈ సూచనని అందరూ గౌరవంగా పరిశీలించారు. ఆ గది అమ్మకపు స్థలంగా నమోదైపోయింది. అమ్మకపు స్థలాన్ని మళ్లీ అలాంటి గదిగా మార్చాలంటే టౌన్ ప్లానింగు వారి అనుమతి కావాలి, అగ్నిమాపక వారి అనుమతి కావాలి, పైపు రోడ్డు దాటాలి, రోడ్డు వేరే శాఖది. పోనీ ఆ తలుపు జోలికి పోకుండా ఇంకో దారేదైనా ఉందా అని కమిషనరు గారు ఆలోచించారు. నీళ్లు ఒకరినుంచి ఒకరికి వెళ్లగలిగినప్పుడు, లేచి వెళ్లడం మాత్రం ఎందుకు వెళ్లదు?

“నాలుగో బటన్ ఒకటి పెట్టమ్మా” అన్నారు.

“తలుపు తియ్యడం కంటే ఇది సులువా సార్?” అంది ప్రవల్లిక.

“సులువే కదమ్మా. నువ్వున్నావుగా.”

ప్రవల్లిక మరిడేశ్వరి వైపు చూసింది. “పెట్టెయ్యమ్మా” అంది మరిడేశ్వరి. “ఆయన నోరు తడిగా ఉంటే చాలు నాకు.”

నాలుగో బటన్ పేరు ‘నా బదులు వెళ్లు’. అది వచ్చాక చిక్కులన్నీ తీరిపోయాయి. మరిడేశ్వరి కొట్లో డబ్బా దగ్గర నిలబడి మొగుడి కోసం ఎన్ని గ్లాసులైనా తాగుతుంది. తాతబ్బాయి ఇంట్లో పెళ్లాం కోసం ఎన్ని చెంబులైనా తాగుతాడు. ఇద్దరి తరపునా లేచి వెళ్లేది అతనే. మిషను దొడ్డి గుమ్మం పక్కకి జరిపించుకున్నాడు. కుట్టు మధ్యలో చటుక్కున లేస్తే, జాకెట్టుకోసం వచ్చి కూచున్నవాళ్లు కూడా ఏమనుకోరు. “మరిడేశ్వరి బేరం బాగా సాగుతున్నట్టుంది” అనుకుంటారు. అతను తిరిగొచ్చి, చేతులు తుడుచుకుని, నవ్వుకుంటూ మళ్లీ పెడలు తొక్కుతాడు. మిగతా ఇళ్లలో ఈ పని ఎక్కువగా అమ్మలూ అత్తలూ అమ్మమ్మలూ చేస్తున్నారు. వాళ్లకి ఓపిక ఎక్కువని ఒక సర్వేలో తేలింది.

కొట్టు చూసి బస్సు కాంప్లెక్సు వారు, ఆడపిల్లల బడి వారు, రిజిస్ట్రారు ఆఫీసు వారు అలాంటి గదులు ఖాళీ చేయించి వేరే పనులకి వాడుకున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఊరు ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు నందిపాలెంలో కొత్తగా కట్టే ఏ కొట్టు ప్లానులోనూ ఆ గది గియ్యడం లేదు. పనిలో చేరడానికి వచ్చిన పిల్లలెవరైనా తెలియక అది ఎక్కడండీ అని అడిగితే, ఎవరూ కసురుకోరు. ఇంట్లో ఎవరూ లేరా అమ్మా, అని చాలా మెత్తగా అడుగుతారు.